విలియం రాక్స్‌బర్గ్: జగర్గుండా అడవి చెట్ల పేర్ల చివర నిలిచిపోయిన సామర్లకోట వైద్యుడు

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి అడవిలోకి సాగే దారిలో ఉన్న జగర్గుండా ఒకప్పుడు చింతపండు సంతకు పేరుపొందిన ఊరు. చింతపండు, తునికాకు, ఇప్పపువ్వు, సారపప్పు, దసలి కాయలు, లక్క, బంక... దక్షిణ బస్తర్‌లోని కోయ, దోర్ల కుటుంబాల చేతికి నగదు తెచ్చే సరుకులో పెద్ద భాగం చెట్ల నుంచే వస్తుంది.

ఆ చెట్ల శాస్త్రీయ నామాలను వృక్షశాస్త్ర గ్రంథాల్లో వెతికితే, చాలావాటి పక్కన ఒకే పొట్టి మాట కనిపిస్తుంది: రాక్స్‌బ్. తునికి, ఏగిస, జిట్రేగి, తపసి, నల్లమద్ది, ఇప్ప, సోమి, వెదురు వంటి మొక్కలను శాస్త్రలోకానికి వర్ణించి, పేరు పెట్టినవారు విలియం రాక్స్‌బర్గ్ అని ఆ మాటకు అర్థం.

రాక్స్‌బర్గ్ ఈ వర్ణనలకు పునాది వేసుకున్నది బస్తర్‌లో కాదు. గోదావరి దిగువన, నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో. అయితే చెట్లకు రాజ్యాల సరిహద్దులు లేవు. సామర్లకోటకు ఎగువన తూర్పు కనుమల వాలుల్లో పెరిగే తునికి, మద్ది చెట్లే జగర్గుండా చుట్టూ కూడా పెరుగుతాయి.

ఆయన వెతికినవి రంగులు, మందులు, బంకలు, నారలు, తోళ్ల పదునుకు పనికివచ్చే బెరళ్లు. ఈస్టిండియా కంపెనీకి లాభం తెచ్చే ప్రతి పదార్థమూ ఆయన దృష్టిలో పడింది. ఈ పదార్థాల్లో అనేకం చెట్లు తమను తినవచ్చే పురుగులనుంచి, పశువులనుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకునేవని తర్వాతి తరాల శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ రక్షణ అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండదనీ, మొక్క పుట్టిన నేలను బట్టి, అది బతికే పద్ధతిని బట్టి మారుతుందనీ కూడా తెలిసింది. రాక్స్‌బర్గ్ జీవితం గడిచిన మూడు చోట్లు, అంటే తెలుగు నేల, కలకత్తా, సెయింట్ హెలెనా ద్వీపం, ఆ సంగతిని మూడు విధాలుగా చూపుతాయి.

ఓడ వైద్యుడిగా వచ్చి...

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్‌లో జన్మించారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూ, అక్కడి వృక్షశాస్త్ర ఆచార్యుడు జాన్ హోప్ వద్ద మొక్కల శాస్త్రం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో వైద్యానికీ వృక్షశాస్త్రానికీ మధ్య పెద్ద దూరం లేదు. మందులలో ఎక్కువ భాగం మొక్కలనుంచే వచ్చేవి.

కంపెనీ ఓడల్లో వైద్యుడిగా ప్రయాణించిన తర్వాత, 1776లో ఆయన మద్రాసు వైద్య సర్వీసులో చేరారు. తీరప్రాంతంలో ఉద్యోగం చేస్తూనే రోజుకు పలుమార్లు వాతావరణ పీడనం, ఉష్ణోగ్రత నమోదు చేసే అలవాటు పెట్టుకున్నారు. 1781 నాటికి ఆయన సామర్లకోట చేరారు. కంపెనీ సైనిక పటాలం ఉన్న ఆ ఊరికి ఒక పక్క వరిపొలాలు, సముద్ర తీరం, మరో పక్క కొండలు, అడవులు.

ఆ ప్రాంతంలో ఆయనకు ముందే పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు ఆయన శిష్యుడు. కాకినాడ వద్ద జగన్నాథపురంలో 1785లో కోనిగ్ కన్నుమూశారు. అప్పుడు రాక్స్‌బర్గ్ ఆయన చెంతనే ఉన్నారు. కోనిగ్ తర్వాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వచ్చిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాముల మీద గ్రంథం రాశారు. రస్సెల్ స్వదేశానికి మరలడంతో ఆ బాధ్యత రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

ఈలోగా పెద్ద నష్టం జరిగింది. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఒక పెను తుపాను ముంచెత్తింది. వేలమంది మరణించిన ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ అప్పటిదాకా కూడబెట్టిన నమూనాలు, రాతలు, పుస్తకాలు కొట్టుకుపోయాయి. ఆయన మళ్లీ మొదటినుంచి ప్రారంభించారు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని, ప్రతి మొక్కకూ నిలువెత్తు బొమ్మ, పక్కనే పువ్వు, కాయ, గింజ భాగాల బొమ్మలు వేయించారు. ఆ బొమ్మలనుంచి ఏర్చికూర్చిన 300 చిత్రపటాలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథం 1795నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. దాని ప్రచురణను సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షించారు.

గింజలో విషం, కాయ మీద ముళ్లు

ఆ గ్రంథం మొదటి సంపుటంలో ముష్టి చెట్టు, చిల్ల చెట్టు రెండూ ఉన్నాయి. రెండూ ఒకే ప్రజాతికి చెందిన దాయాదులు. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. చిల్ల గింజను మాత్రం పల్లెల్లో మట్టినీటిని తేర్చడానికి కుండ లోపలి అంచున అరగదీసేవారు. ముష్టి పండు గుజ్జును పక్షులు ఇష్టంగా తింటాయని రాక్స్‌బర్గ్ గమనించారు. గింజను దూరప్రాంతాలకు మోసుకెళ్లే జీవికి ఆహారంగా గుజ్జు, గింజను కొరికే జీవికి విషం. ఒకే పండులో చెట్టు ఈ రెండు ఏర్పాట్లూ చేసుకుంది.

తపసి చెట్టు మరో దారి ఎంచుకుంది. దాని కాయలను కప్పి ఉండే నూగు ముళ్లు ఒంటికి తగిలితే మంట పుడుతుంది. రాక్స్‌బర్గ్ ఆ చెట్టుకు పెట్టిన లాటిన్ పేరులోని రెండో మాటకు అర్థమే మంట పుట్టించేది అని. అదే చెట్టు బెరడుకు గాయమైతే బంక కారి గాయాన్ని మూసివేస్తుంది. గాయాన్ని మాన్పుకోవడానికి చెట్టు కార్చే ఆ బంకే మందుల పరిశ్రమకు, ఆహార పరిశ్రమకు సరుకు అయింది. తపసి బంక అమ్మకం తూర్పు కనుమల గిరిజనులకు ఏళ్ల తరబడి ఆదాయ మార్గంగా ఉంది.

ఒడిస చెట్టు ఆకు మరింత తీవ్రమైనది. పశువులు దాని జోలికి పోవు. పశువుల మేత, కట్టెల నరుకుడు ఎక్కువైన బంజరు కొండల మీద ఇతర మొక్కలు తగ్గిపోయినా ఒడిస పొదలు మిగలడానికి ఇదొక కారణం. దీన్ని కూడా శాస్త్రీయంగా వర్ణించినది రాక్స్‌బర్గే. దాని విషగుణం గురించి స్థానికులు చెప్పిన మాటను ఆయన గ్రంథంలో చేర్చారు.

సోమి చెట్టు కథ వేరు. దాని బెరడు మిక్కిలి చేదు. జ్వరాలకు యూరప్ వారు దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడును అధిక ధరకు కొంటున్న కాలమది. చేదు బెరడు గల సోమి దానికి ప్రత్యామ్నాయం కాగలదని రాక్స్‌బర్గ్ ఆశించారు. ఆ చెట్టు గురించి 1793లో ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం అచ్చయింది. సోమి బెరడు సింకోనా స్థానాన్ని ఆక్రమించలేకపోయింది గానీ, ఆ చెట్టు తెలుగు పేరు మాత్రం దాని లాటిన్ పేరులో స్థిరపడింది. నేటికీ ప్రపంచమంతటా అది సోయ్మిడా ప్రజాతిగానే గుర్తింపు పొందుతోంది.

సింకోనా, సోమి రెండు వేర్వేరు ఖండాల చెట్లు. వేర్వేరు కుటుంబాలవి. అయినా రెండూ బెరడులో చేదు నింపుకున్నాయి. ఎడమ జెముడు, కుడి జెముడు అన్నట్టు కనిపించే మరో జంట కూడా ఇలాంటిదే. మన బొమ్మజెముడుకు ముళ్లతోపాటు ఒంటికి తగిలితే మండే పాలు ఉంటాయి. అమెరికా నుంచి వచ్చిన నాగజెముడుకు ముళ్లున్నా ఆ పాలు లేవు. మోటుచూపుకు ఒకే తీరుగా కనిపించే ఈ రెండింటికీ చుట్టరికం లేదు. ఎండ, కరువు, మేసే నోళ్లు ఒకే విధంగా ఉన్నచోట వేర్వేరు వంశాల మొక్కలు ఒకే విధమైన రూపానికి చేరుకున్నాయి.

నెమ్మదిగా ఎదిగేవాటికి గట్టి కవచం

ఒకే అడవిలో పక్కపక్కనే ఉన్న చెట్లన్నీ ఒకే స్థాయిలో కాపలా ఎందుకు పెట్టుకోవు? ఈ ప్రశ్నకు రాక్స్‌బర్గ్ కాలంలో సమాధానం లేదు. 1983లో ఫిలిస్ కోలీ అనే శాస్త్రవేత్త పనామాలోని ఒక ద్వీపంలో, అడవిలో చెట్టు కూలి వెలుగు పడిన ఖాళీలలో పుట్టుకొచ్చే మొక్కలను పరిశీలించారు. త్వరగా ఎదిగి త్వరగా ముగిసే జాతుల ముదురు ఆకులను పురుగులు ఎక్కువగా తిన్నాయి. నీడలో నెమ్మదిగా ఎదిగే జాతుల ఆకులు గట్టిగా, పీచుతో, వగరుతో ఉండి చాలా తక్కువగా నష్టపోయాయి.

1985లో ఆమె మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి దీనికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. సారవంతమైన నేలలో వేగంగా ఎదిగే మొక్క ఒక ఆకు పోయినా మరో ఆకు వేసుకోగలదు. రాతినేలలో ఒక్కో ఆకునూ కష్టపడి సంపాదించుకునే మొక్కకు ఆ వీలు లేదు. అందుకే అది ఉన్న ఆకును కాపాడుకోవడానికే ఎక్కువ ఖర్చు పెడుతుంది. బస్తర్ మెట్టల మీది మద్ది, కరక చెట్ల వగరుకు ఈ వివరణ సరిపోతుంది. పెడన కలంకారీ కళాకారులు బట్టకు రంగు పట్టడానికి వాడే కరక్కాయ వగరు కూడా ఆ కోవకు చెందినదే.

వయసును బట్టి కూడా రక్షణ మారుతుంది. లేత బూరుగు చెట్టు మాను నిండా మొనదేలిన ముళ్లు ఉంటాయి. పశువుల నోటికి అందనంత ఎత్తుకు ఎదిగి, మాను లావెక్కాక ఆ ముళ్లు క్రమంగా రాలిపోతాయి.

ఆకు వేసే కాలం కూడా ఒక రక్షణే. దక్షిణ భారతంలోని ముదుమలై అడవుల్లో కె.ఎస్. మురళి, రామన్ సుకుమార్ చేసిన పరిశోధన 1993లో వెలువడింది. వానలకు ముందే, ఎండాకాలంలో చిగురు వేసే చెట్లకు పురుగుల నష్టం తక్కువగా ఉందనీ, వానలు మొదలయ్యాక చిగురించేవి ఎక్కువగా నష్టపోయాయనీ వారు గుర్తించారు. పురుగుల దండు దిగేసరికి ముందుగా చిగురించిన ఆకు ముదిరిపోయి ఉంటుంది.

జగర్గుండా చుట్టుపక్కల తునికాకు కోత సాగేదీ ఆ ఎండాకాలపు కొద్ది వారాల్లోనే. అంతకుముందే పొదలను నరికితే, మొదళ్లనుంచి లేచే కొత్త కొమ్మలకు వెడల్పయిన, మెత్తని ఆకులు వస్తాయి. వాటిని 50 చొప్పున కట్టలు కడతారు. ఆకు మీద బొబ్బలు లేపే ఒక చిన్న పురుగు పడితే ఆ ఆకు బీడీకి పనికిరాదు. చెట్టు తన ఆకును పురుగునుంచి కాపాడుకోగలిగిన కొద్ది రోజుల వ్యవధే కోసేవారి ఏడాది ఆదాయాన్ని నిర్ణయిస్తుంది.

వెదురు రక్షణ అన్నిటికన్నా విచిత్రమైనది. రాక్స్‌బర్గ్ వర్ణించిన గట్టి వెదురు దశాబ్దాల తరబడి పూయదు. పూసినప్పుడు ఆ ప్రాంతమంతా ఒక్కసారే పూసి, గింజలు రాల్చి, పొదలు ఎండిపోతాయి. 1976లో డేనియల్ జాన్జెన్ దీనికి ఒక కారణం సూచించారు. ఏటా కొద్దికొద్దిగా గింజ వేస్తే ఎలుకలు, పక్షులు, అడవి పందులు అన్నిటినీ తినేస్తాయి. అనేక ఏళ్లు పస్తు పెట్టి ఒక్కసారిగా కుప్పలు పోస్తే ఎంత తిన్నా కొన్ని గింజలు మిగులుతాయి. ఇక్కడ ముల్లూ లేదు, విషమూ లేదు. జీవనక్రమమే రక్షణ.

ఉష్ణమండలంలో పురుగులు ఎక్కువ గనుక ఇక్కడి మొక్కలన్నీ చలిదేశాల మొక్కల కన్నా గట్టి రక్షణతో ఉంటాయని శాస్త్రవేత్తలు చాలాకాలం భావించారు. 2011లో ఏంజెలా మోల్స్ బృందం అంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఆ అభిప్రాయానికి ఆధారాలు బలంగా లేవని తేల్చింది. భూమధ్యరేఖకు ఎంత దూరం అన్న ఒక్క లెక్కతో సమాధానం దొరకదు. నేల, వాన, ఎదిగే వేగం, ఆ చోట మేసే జీవుల చరిత్ర అన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

కాపలా దాటిన పురుగులు

ఎంత గట్టి కాపలా అయినా దాన్ని దాటే జీవి ఏదో ఒకటి ఉంటుంది. అలా దాటిన రెండు పురుగుల మీద రాక్స్‌బర్గ్ ఎంతో శ్రద్ధ పెట్టారు.

మొదటిది లక్క పురుగు. సామర్లకోట ఎగువ కొండల నుంచి తెచ్చిన లక్క కొమ్మలను గాజు పాత్రలో ఉంచి, వాటినుంచి పిల్లపురుగులు బయటికి రావడాన్ని ఆయన పరిశీలించారు. ఆ వర్ణన 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. లక్క పురుగు ఆకును నమలదు. లేత కొమ్మలోకి సూదిలాంటి నోటిని దింపి రసం పీలుస్తుంది. అందువల్ల ఆకులోని వగరు దానికి పెద్ద అడ్డంకి కాదు. తనను కాపాడుకోవడానికి అది కూడా ఒంటి చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూడే లక్క.

రెండవది దసలి పట్టుపురుగు. మద్ది ఆకుల్లోని వగరు చాలా పురుగులకు సరిపడదు. అది ఆకులోని మాంసకృత్తులను పట్టుకుని జీర్ణం కానివ్వదు. గొంగళిపురుగులు అనేకం పేగులో క్షారగుణం పెంచుకుని ఆ పట్టును సడలిస్తాయి. దసలి పురుగు మద్ది ఆకు మీదే పెరిగి గట్టి పట్టుకాయ కడుతుంది. దసలి, ఆముదపు పట్టుపురుగుల మీద రాక్స్‌బర్గ్ రాసిన వ్యాసం 1804లో లిన్నేయన్ సొసైటీ ప్రచురణలో వచ్చింది. నేటికీ బస్తర్ అడవుల్లో దసలి కాయల సేకరణ సాగుతోంది. అక్కడ దాన్ని కోసా అంటారు.

తెల్లని పాలు కారే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీసే పద్ధతిని కూడా ఆయన సామర్లకోటలో ప్రయోగించి చూశారు. ఆ రంగు వ్యాపారంగా నిలబడలేదు. కానీ అంకుడు కర్ర, లక్క రంగులు రెండూ కలిసి ఏటికొప్పాక బొమ్మలుగా ఇప్పటికీ తెలుగువారి ఇళ్లలో ఉన్నాయి.

కరువు చూపిన మరో ముఖం

1790ల తొలినాళ్లలో ఉత్తర సర్కారు జిల్లాలను భయంకరమైన కరువు పట్టి పీడించింది. వానలు వరుసగా మొహం చాటేశాయి. ఏళ్ల తరబడి వాతావరణాన్ని నమోదు చేస్తున్న రాక్స్‌బర్గ్, గోదావరి జిల్లాలో ఇలాంటి కరువు పూర్వం ఎప్పుడు వచ్చిందో విచారించారు. అంతకు సుమారు ఒక శతాబ్దం ముందు కూడా అలాంటి విపత్తు వచ్చిందని పిఠాపురం సంస్థానం వైపు నుంచి ఆయనకు తెలిసింది. వరి ఒక్కదాన్నే నమ్ముకోకుండా కొబ్బరి, తాటి, పనస వంటి ఆహారమిచ్చే చెట్లను విరివిగా నాటాలని ఆయన కంపెనీకి సిఫారసు చేశారు.

కొండల్లోని ప్రజలకు కరువును దాటే విద్య మరొకటి తెలుసు. అడవి దుంపల్లో కొన్నింటిని నేరుగా తింటే ప్రాణాపాయం. వాటిని పలుచని ముక్కలుగా తరిగి, పారే వాగునీటిలో నానబెట్టి, ఉడకబెట్టి తింటారు. పంది, ఎలుక తవ్వి తినకుండా మొక్క దుంపలో దాచిన విషాన్ని మనిషి నీటితో, నిప్పుతో జయించాడు. తూర్పు కనుమల్లోనూ బస్తర్‌లోనూ తరాలుగా చేతులు మారుతూ వచ్చిన జ్ఞానమిది.

నాగజెముడు, ఒక పొరపాటు పురుగు

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్‌లో ఉన్న కంపెనీ ఉద్యానవనానికి అధిపతిగా వెళ్లారు. ప్రపంచం నలుమూలల నుంచి మొక్కలు అక్కడికి చేరేవి, అక్కడినుంచి వెళ్లేవి.

ఆ కాలంలో ఎర్రరంగుకు అమెరికా ఖండపు కొచినీల్ పురుగు ప్రసిద్ధం. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే ఆ పురుగు మీద స్పెయిన్‌ది గుత్తాధిపత్యం. దాన్ని భారత్‌కు తేవాలని మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి ప్రయత్నించారు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి కొన్ని పురుగులను కలకత్తా తోటకు చేర్చారు. అవి అక్కడ పెరిగాయి.

కానీ వచ్చినది అసలైన రంగుపురుగు కాదు, దాని దాయాది. రంగు నాసిరకం. వ్యాపారం లాభించలేదు. నష్టపోయినది నాగజెముడు మొక్క. భారత్‌లో కంచెగా నాటిన ఆ మొక్కకు ఇక్కడ తన పుట్టింటి శత్రువులు లేవు. ముళ్ల భయంతో పశువులు ముట్టవు గనుక అది అడ్డూ ఆపూ లేకుండా విస్తరించింది. ముళ్లు పశువును ఆపగలవు గానీ రసం పీల్చే పురుగును ఆపలేవు. పుట్టింటి శత్రువు దొరికేసరికి పొదలు ఎండిపోసాగాయి. 1836, 1838 మధ్య ఆ పురుగును దక్షిణ భారతానికి చేర్చినప్పుడు అక్కడా అదే జరిగింది. ఒక పురుగుతో ఒక కలుపు మొక్కను అదుపు చేసిన తొలి విజయవంతమైన ఉదాహరణగా శాస్త్ర గ్రంథాలు దీన్ని పేర్కొంటాయి.

సామర్లకోటలో ముష్టి, ఒడిస తమ శత్రువుల నడుమనే పుట్టి పెరిగిన మొక్కలు. కలకత్తాలో నాగజెముడు శత్రువులను వదిలి వచ్చిన మొక్క. ఒక మొక్క ఎంత బలమైనదన్నది దాని ముళ్లను లెక్కిస్తే తెలియదు. దాని చుట్టూ ఏ నోళ్లున్నాయో కూడా చూడాలి.

మేకలు ఎక్కలేని కొండచరియ

ఆరోగ్యం క్షీణించడంతో 1813లో రాక్స్‌బర్గ్ భారత్‌ను విడిచారు. ఇంగ్లండ్ వెళ్లే దారిలో దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా ద్వీపంలో కొన్ని నెలలు ఆగారు. ఆ తర్వాత రెండేళ్లకే నెపోలియన్ బందీగా చేరిన ద్వీపమది. అనారోగ్యంలోనూ రాక్స్‌బర్గ్ అక్కడి మొక్కల జాబితా తయారుచేశారు. అది 1816లో ఆ ద్వీపపు మాజీ గవర్నర్ అలెగ్జాండర్ బీట్సన్ గ్రంథంలో అచ్చయింది. ఆ ద్వీపానికే ప్రత్యేకమైన బంకచెట్టు శాస్త్రీయ నామంలోనూ ఆయన పేరు చేరింది.

సముద్రం నడుమ పుట్టిన ఆ ద్వీపంలో మేసే జంతువులు సహజంగా లేవు. లక్షల ఏళ్లపాటు అక్కడి చెట్లకు మేక, గొర్రె అంటే ఏమిటో తెలియదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు నావికులు మేకలను వదిలారు. అవి మందలుగా పెరిగి చిగుళ్లను, మొలకలను మేసేశాయి. పాత చెట్లను మనుషులు కట్టెలకు నరికారు. కొత్తవి ఎదగలేదు. రాక్స్‌బర్గ్ చేరేసరికే ద్వీపంలో చాలా భాగం బోడిగా మారింది.

అక్కడి నల్లచేవ చెట్టు ఒకటి పూర్తిగా అంతరించిందని చాలాకాలం అనుకున్నారు. 1980లో నిటారైన ఒక కొండచరియ మీద ఆ జాతి పొదలు రెండు కనిపించాయి. మేకలు ఎక్కలేని చోటు అది. ఆ రెండింటి నుంచి తీసిన కొమ్మలతో వేలాది మొక్కలు పెంచారు.

చివరి రోజులు, మిగిలిన పేర్లు

రాక్స్‌బర్గ్ 1814లో బ్రిటన్ చేరారు. 1815లో ఎడిన్‌బరోలో మరణించారు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఆయన రాసిన ప్రధాన గ్రంథం 'ఫ్లోరా ఇండికా'ను ఆయన జీవితకాలంలో ఎవరూ అచ్చు వేయలేదు. శ్రీరాంపూర్‌లో ఉన్న విలియం కేరీ దాన్ని కాపాడి, కొంత భాగాన్ని 1820 నుంచి, పూర్తి గ్రంథాన్ని 1832లో ప్రచురించారు. 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లిష్‌లో అచ్చు వేసినదీ ఆ కేరీనే. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని రాక్స్‌బర్గ్‌ను పిలవడం తర్వాత స్థిరపడింది.

ఆయన వేయించిన బొమ్మలు 2,500కు పైగా ఉన్నాయి. కలకత్తాలో ఒక ప్రతి, లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో మరో ప్రతి భద్రంగా ఉన్నాయి. సామర్లకోటలో ఆ బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లు మాత్రం ఆ గ్రంథంలో చోటు చేసుకోలేదు. కొండల నుంచి కొమ్మలు, కాయలు తెచ్చి, ఏది విషమో, ఏది మందో, ఏ నెలలో ఏ చెట్టు చిగురిస్తుందో చెప్పిన అడవి మనుషుల పేర్లూ లేవు. వారు చెప్పిన మొక్కల తెలుగు పేర్లు మాత్రం ఆయన పుస్తకాల్లో లాటిన్ పేర్ల పక్కన నిలిచాయి.

2005 తర్వాతి హింసాకాండలో దక్షిణ బస్తర్ నుంచి అనేక కోయ కుటుంబాలు ఖమ్మం, గోదావరి ప్రాంతాలకు తరలివచ్చాయి. జగర్గుండా ఏళ్ల తరబడి కంచె నడుమ శిబిరంగా మారింది. అడవిలోకి వెళ్లి ఆకు కోయడమే ప్రమాదమైన రోజులవి. అలాంటి వలసలో ఊరితోపాటు చెట్ల గురించిన జ్ఞానం కూడా చేజారే ప్రమాదం ఉంటుంది. ఏ దుంపను ఎన్నాళ్లు వాగులో నానబెట్టాలో, తునికి పొదను ఎప్పుడు నరికితే ఆకు పురుగు పడకుండా వస్తుందో పుస్తకం చదివి నేర్చుకునేది కాదు. ఆ నేల మీద, ఆ చెట్టు కింద నేర్చుకునేది.

చెట్టు రక్షణ దాని చోటును బట్టి ఏర్పడినట్లే, ఆ చెట్టును ఎరిగిన మనుషుల జ్ఞానమూ ఆ చోటును బట్టే ఏర్పడింది. రెండు శతాబ్దాల కిందట రాక్స్‌బర్గ్ నమోదు చేయగలిగింది అందులో కొంత మాత్రమే. మిగిలినది ఇప్పటికీ ఎండాకాలంలో తునికాకు కోసే చేతుల్లో, దుంపలను వాగులో నానబెట్టే చేతుల్లో ఉంది.